బిగుసుకున్న చీల

రెండు దెబ్బలు చాలు. చీల సన్న కొస మీద ఇనప పుల్ల లాంటి పంచ్ ఆనించి చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేస్తే అది ఊడి అవతలి పక్క బల్ల మీద పడుతుంది. చీల పోయాక రివాల్వర్ గొట్టం కొసన నిలబడి ఉన్న గురిపలకని పట్టుకారుతో పైకి లాగితే, ఊగుతున్న పాలపన్నులా వచ్చేస్తుంది. ఆ సంగతి టిక్యోకి తెలిసినట్టు దనావో కొండ మీద ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే ఆ పలకని చేసిందీ అతనే, చీలని ఒక కొస లావుగా ఒక కొస సన్నగా అరగదీసి ఎడమ వైపు నుంచి దిగ్గొట్టిందీ అతనే. రివాల్వర్‌ని బల్ల అంచునున్న వైసు పట్టులో బిగించాడు, గీతలు పడకుండా దవడల మధ్య పాత చెప్పు తోలు పెట్టాడు, పంచ్ తీసి పక్కన ఉంచుకున్నాడు. చెయ్యి మాత్రం సుత్తి వైపు పోవడం లేదు. గుమ్మం పక్కన తిరగేసిన సీసాల పెట్టె మీద బెర్యోంగ్ కూర్చుని చూస్తున్నాడు. చంకకర్రలు రెండూ గోడకి ఆనించి ఉన్నాయి, ప్యాంటు కుడికాలు తొడ దగ్గర మడిచి పిన్నీసు పెట్టి ఉంది. ఇదే బల్ల దగ్గర, పోయినేడు గాలివానలకి ముందు, ఇదే మనిషితో "బిగుసుకుపోయింది పరే, రాదు, బలవంతం చేస్తే గొట్టం చీలుతుంది" అని చెప్పిన నోరు టిక్యోదే. ఆ మాట చెప్పేటప్పుడు రివాల్వర్‌ని వైసులో కూడా పెట్టలేదు. ఇప్పుడది రెండు దెబ్బలకే ఊడి వస్తే ఆ మనిషి మొహంలోకి ఎలా చూడాలి?

"ఏం పరే, తుపాకీకి జపం చేస్తున్నావా?" అన్నాడు బెర్యోంగ్. అతని కూతురికి టిక్యో జ్ఞానస్నానపు తండ్రి, అప్పట్నుంచి ఇద్దరూ ఒకరికొకరు పరే.

"కిరోసిన్ పోసి నానబెట్టాలి. తొందరపడితే కుదరదు."

"నానబెట్టు, నానబెట్టు. నాకేం, ఎక్కడికైనా పరిగెత్తాలా?"

నవ్వాడు. ఎప్పుడూ ఇంతే, తన కాలి మీద తనే ముందు జోకు వేస్తాడు, ఎదుటివాడు తడబడకుండా. టిక్యో కిరోసిన్ డబ్బా తీసి, దూదిపుల్ల ముంచి, చీల రెండు కొసల మీదా చుక్కలు వేశాడు. అక్కర్లేని కిరోసిన్. ఆ వాసన ముక్కుకి తగలగానే, ఎన్నేళ్ళు అయినా సరే, వెదురుపొదల వెనక దాక్కుని దొంగతుపాకుల కోసం కొలిమి ఊదే నాన్న గుర్తొస్తాడు. పోలీసులు కొండెక్కుతున్నారని కిందినుంచి ఎవరో ఈల వేస్తే నాన్న గొట్టాలూ ఆకురాళ్ళూ గోనెసంచిలో కట్టి పందుల దొడ్డిలోకి విసిరేవాడు, తర్వాత వాటిని కడగడం పిల్లల పని. తప్పు పనే అయినా తప్పుగా చెయ్యకూడదు అనేవాడు నాన్న. ఆ మాటకి పక్కన తాగి కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు, నాన్న నవ్వేవాడు కాదు. తన చేతిలోంచి పోయిన తుపాకీ పేలినప్పుడు ఎదుటివాడికి తగలాలా వద్దా అనేది దేవుడు చూసుకుంటాడు, పట్టుకున్నవాడికి మాత్రం తగలకూడదు, అది మనం చూసుకోవాలి. పట్టుకున్నవాడికి తగలకూడదు. బెర్యోంగ్ మోకాటి చిప్ప ముక్కలైపోయిందని డాక్టరు చెప్పినప్పుడు టిక్యోకి ముందు గుర్తొచ్చింది పంది పేడ వాసన, తర్వాతే నాన్న.

ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో చేపలు పట్టే ఉర్బానో నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు, చొక్కా నిండా బెర్యోంగ్ రక్తంతో. సాయంత్రం పడవలు ఒడ్డుకి చేరే వేళ కల్లు తాగి ఐసు ఫ్యాక్టరీ గేటు మీదికి కత్తి పట్టుకుని దూకినవాడు అతనే. లోపల ఎవడో చేపల తూకంలో మోసం చేశాడట, వాణ్ణి నరుకుతానని. కాపలాకి ఉన్న బెర్యోంగ్ బెదిరించడానికే నడుము దగ్గరున్న రివాల్వర్ లాగాడు. లాగితే రాలేదు. చొక్కా అంచు గొట్టం కొసకి పట్టుకుంది. గట్టిగా లాగాడు, వేలు ట్రిగ్గర్ మీద ఉంది, అంతే. పేలిన చప్పుడుకి ఉర్బానో మత్తు దిగిపోయింది. కత్తి పారేసి, తను చంపుదామని దూకిన మనిషిని భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తాడు. ఇదంతా టిక్యోకి చెప్పింది బెర్యోంగ్ భార్య లూదింగ్. "ఆ పలక చొక్కాకి తగులుకుందట పరే, అంత చిన్న ముక్క, చూశావా" అంది, అతని చెయ్యి పట్టుకుని. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు టిక్యో. నర్సు వచ్చి రక్తం కావాలంటే మాత్రం అందరికంటే ముందు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. గ్రూపు సరిపోయింది. ఇచ్చాడు. ఇంకా తీసుకోమన్నాడు, వాళ్ళు వద్దన్నారు. ఆ తర్వాత ఊళ్ళో చర్చి మెట్ల మీద, కోళ్ళపందేల దగ్గర, చేపల బజారులో ఒకటే మాట, పరే అంటే టిక్యోలా ఉండాలి, కూతురికి జ్ఞానస్నానం చేయించినందుకు తండ్రికి రక్తమే ఇచ్చాడు అని. ఆ మాట విన్నప్పుడల్లా టిక్యో మోచేతి మడతలో సూది గుచ్చిన చోట దురద పుట్టేది, అక్కడ గోకుతూ తల ఊపేవాడు. ఫాదర్‌తో చెప్పుకున్నాడు, జాలీ చెక్క వెనక నుంచి ఫాదర్ చెప్పిన జపమాలలన్నీ పూర్తి చేశాడు, అయినా గుండెల మీద బరువు దిగలేదు. ఎలా దిగుతుంది, ఫాదర్‌కి కాలు పోలేదు కదా.

"నిన్న ఉర్బానో వచ్చాడు," అన్నాడు బెర్యోంగ్. "ఇంత పొడుగు చేప తెచ్చాడు. వారం వారం తెస్తున్నాడు, లూదింగ్‌కి వండలేక విసుగు. చుక్క ముట్టడం లేదట. నా కాలు పోయింది, వాడి తాగుడు పోయింది. లాభం ఎవరికో నువ్వే చెప్పు."

"వాడి పెళ్ళానికి," అంది లోపల్నుంచి టిక్యో భార్య కొర్దింగ్. వంటింట్లో ఆకుపొట్లాల్లో అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది. బెర్యోంగ్ పగలబడి నవ్వాడు. టిక్యో కూడా నవ్వాడు. ఉర్బానో అదృష్టవంతుడు అనుకున్నాడు. వాడి తప్పు అందరూ చూశారు. కత్తి అందరికీ కనబడింది. చేప పట్టుకుని పట్టపగలు తలవంచుకుని ఆ ఇంటి గుమ్మం ఎక్కగలడు, లూదింగ్ ముందు తిట్టి తర్వాత మంచినీళ్ళు ఇస్తుంది, తిట్టడానికి ఆమెకీ ఒక తప్పు కనబడుతోంది. టిక్యో ఏం పట్టుకెళ్ళాలి? అతను ఆ ఇంటికి వెళ్ళడమే మానేశాడు. బెర్యోంగే వస్తాడు, కర్రలు అలవాటైన దగ్గర్నుంచి శనివారం శనివారం, సముద్రం ఒడ్డు నుంచి ఈ కొండ వాలు ఎక్కి, బురదలో కర్ర దిగబడితే పీక్కుంటూ, ఒగురుస్తూ వచ్చి ఈ పెట్టె మీద కూర్చుంటాడు. ఆ మాటా ఈ మాటా చెప్తాడు, కొర్దింగ్ పెట్టింది తింటాడు, పోతాడు. ఎంత మంచివాడు, ఎంత మంచివాడు అని కొర్దింగ్ అంటుంది. అవును, మంచివాడే. ఆ మంచితనం ఎదురుగా కూర్చుంటే టిక్యోకి అన్నం దిగదు.

ఇవాళ మాత్రం ఊరికే రాలేదు. సంచిలోంచి రివాల్వర్ తీసి బల్ల మీద పెట్టాడు. ఐసు ఫ్యాక్టరీ యజమాని కాగితాలు చూపించి దాన్ని పోలీస్ స్టేషన్ నుంచి విడిపించాడట, మళ్ళీ ఉద్యోగం ఇస్తానన్నాడట, సోమవారం నుంచి గేటు దగ్గర కుర్చీలో కూర్చుని కాపలా. "దొంగే నా దగ్గరికి రావాలి, వాడి వెంట నేను పడలేను, అలా అయితే సరే అన్నాను" అన్నాడు బెర్యోంగ్. తర్వాత, మామూలుగా, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా, "ఈ పలక ఇంకోసారి చూడు పరే, వస్తుందేమో" అన్నాడు. వస్తుందేమో! టిక్యో ఆ మాటని ఇప్పటికి ఎన్ని వైపుల నుంచి తిప్పి చూశాడో. అందులో ఏమీ లేదు. కానీ గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోక మానడు.

నానింది ఇక చాలు అన్నట్టు దూదిపుల్ల పారేసి, పంచ్ అందుకున్నాడు. పలక మీద సన్నటి అడ్డగీతలు, ఎండకి మెరవకుండా ఉండటానికి ఒక్కొక్కటీ సూదిమొన లాంటి ఆకురాయితో గీసినవి, దగ్గరగా చూస్తే చిన్నపిల్ల దువ్వుకున్న జుట్టులా ఉన్నాయి. పాత లారీ కమాను పట్టీ ముక్కలోంచి తీశాడు దీన్ని. విదేశీ తుపాకుల మీద ఉండే పలకల్లా, వెనక వైపు గోడలా నిటారుగా నిలబెట్టాడు, గురి చూసినప్పుడు నల్లగా నిక్కచ్చిగా కనబడాలని. బతుకంతా చేసిన పనిలో అంత చక్కటి ముక్క ఇంకొకటి లేదు. నడుము దగ్గర పెట్టుకునే తుపాకీకి వెనక వైపు వాలుగా ఉండాలి, లేకపోతే లాగేటప్పుడు గుడ్డకి పట్టుకుంటుంది, అది తెలియనివాడా? తెలుసు. అందంగా ఉందని ఊరుకున్నాడు. కల్లుపాకలో అందరి ముందూ బెర్యోంగ్ దాన్ని పైకెత్తి చూపించి "మా పరే నా తుపాకీకి కోడిపుంజు జుట్టు పెట్టాడు చూడండి, గురి చూస్తే కొక్కొరొకో అంటోంది" అన్నాడు. పాక పాకంతా నవ్వింది. టిక్యో కూడా నవ్వి ఇంకో ముంత తెప్పించాడు. మర్నాడు పొద్దున్నే బెర్యోంగ్ ఇక్కడికి వచ్చి, చొక్కాకి పట్టుకుంటోంది పరే, తీసెయ్యి, లేదా వెనక వైపు అరగదీసి వాలుగా చెయ్యి అన్నాడు. ఆ తర్వాత బెర్యోంగ్ లోపల వంటింట్లో కూర్చుని ఎండుచేపతో అన్నం తింటున్నాడు. ఇక్కడ టిక్యో రివాల్వర్‌ని బల్ల మీద పెట్టి, వేరే ఏదో తలుపు బందు వైసులో బిగించి, లోపలికి వినబడేలా దాని మీద టంగు టంగుమని కొట్టాడు. జుట్టా? కోడిపుంజు జుట్టా? ఉండనీ. నీ నడుముకే ఉండనీ. అంతే, అంతకంటే పెద్ద కోపం కూడా కాదు, మధ్యాహ్నానికి మరిచిపోయేంత. బెర్యోంగ్ చెయ్యి కడుక్కుని వచ్చాక రాదన్నాడు. బెర్యోంగ్ రివాల్వర్‌ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, సరే నువ్వంటే నువ్వే అని నడుముకి దోపుకుని, రెండు కాళ్ళ మీదా వాలు దిగి వెళ్ళాడు. మళ్ళీ వారం పడవల వేళకి ఆ కాళ్ళలో ఒకటి లేదు.

కొట్టాలి. ఏదో ఒకటి చెయ్యాలి, చూస్తున్నాడు. టిక్యో పంచ్‌ని చీల ఎడమ కొస మీద ఆనించాడు. లావు కొస. అటునుంచి కొడితే చీల రాదు, ఇంకా లోపలికి దిగుతుంది. చూసేవాడికి తేడా తెలియదు. నాలుగు దెబ్బలు కొట్టి, నుదురు తుడుచుకుని, కాసేపు నిట్టూర్చి, అప్పుడు అటు తిప్పి సన్న కొస మీద కొడితే, హమ్మయ్య, కష్టపడితే వచ్చింది అనవచ్చు. అబద్ధం ఇంకా నిలబడే ఉంటుంది, పలకా ఊడుతుంది, మనిషీ క్షేమంగా ఉంటాడు, ఎవరికీ నష్టం లేదు. కొట్టాడు. మెల్లగానే కొడదామనుకున్నాడు. మొదటి దెబ్బకి పాకలో నవ్వు వినబడింది, రెండో దెబ్బకి ఎవరో పరే అంటే టిక్యోలా ఉండాలి అన్నారు, ఆ తర్వాత సుత్తి తన మాట వినలేదు, దొంగపని చేస్తున్నందుకు చెయ్యికి సిగ్గు పుట్టిందో ఏమో, చీలని కాదు తన వేళ్ళనే కొడుతున్నట్టు బలంగా పడింది, మళ్ళీ పడింది. ఆగి చూస్తే చెమట కళ్ళలోకి కారుతోంది. టిక్యో వైసు వదులుచేసి, రివాల్వర్‌ని అటు తిప్పి మళ్ళీ బిగించి, సన్న కొస మీద పంచ్ పెట్టి, ఇక అయిపోయింది అనుకుంటూ కొట్టాడు.

కదలలేదు.

ఇంకోసారి. సముద్రపు గాలికి పట్టిన తుప్పు, స్టేషన్ బీరువాలో మగ్గిన తేమ, ఇప్పుడు తను లావు వైపు నుంచి వేసిన దెబ్బలు, అన్నీ కలిసి చీలని గాడిలో కరిపించేశాయి. మళ్ళీ కొడితే పంచ్ మొన వంగి పక్కకి జారింది, గొట్టం మీద తెల్లటి గీత పడింది. ఇంకో పంచ్ తీశాడు. అదీ అంతే. ఇప్పుడు నటించాల్సిన పనేమీ లేదు.

"ఇప్పుడు నిజంగానే బిగుసుకుంది, కదూ?" అన్నాడు బెర్యోంగ్.

టిక్యో తల ఎత్తలేదు. వైసు పిడి పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు ఇంటికి వెళ్ళి వెలుగులో చూశాను," అన్నాడు బెర్యోంగ్, గొంతు పెంచకుండా. "చీల మీద సుత్తి తగిలిన గుర్తు ఒక్కటి లేదు. గొట్టానికి వైసు పట్టిన గుర్తు లేదు. నా చెమట మరకలు కూడా చెదరకుండా అలాగే ఉన్నాయి. ముట్టుకోలేదు నువ్వు."

"మరి... ఎందుకు పెట్టుకున్నావు? ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్ళలేకపోయావా? కిందనే తుపాకులు చేసే గవినో ఉన్నాడు, వాడి తమ్ముడున్నాడు..."

"తీసుకెళ్తే ఏమంటారు? టిక్యోకి చేతకాక వాడి పరేనే మా దగ్గరికొచ్చాడు అని ఊరంతా చెప్తారు. అంతకుముందు రోజే నిన్ను కల్లుపాకలో నవ్వులపాలు చేశాను. మళ్ళీ ఇదొకటా అనుకున్నాను. కోపం తగ్గాక నువ్వే తీస్తావులే అని ఊరుకున్నాను."

ఇన్ని నెలలూ టిక్యో తనొక్కడే అబద్ధాన్ని కడుపులో దాచుకున్నాననుకున్నాడు, అది ఎదుటివాడి కడుపులో కూడా ఉందని, వాడు దాన్ని మోసుకుంటూ కర్రల మీద కొండెక్కి వస్తున్నాడని ఎన్నడూ తోచలేదు. నా పరువు కోసం. తన నడుముకి ఆ ముల్లు పెట్టుకుని తిరిగింది నా పరువు కోసం. రక్తం ఇచ్చానని జనం మెచ్చుకుంటుంటే పక్కనే కూర్చుని తల ఊపాడు, అవునవును మా పరే అలాంటివాడే అని. ఆ శనివారాలన్నీ, ఆ చేపల కబుర్లు, ఆ జోకులు, ఒక్కొక్కటీ తనకి తీసిపెట్టిన తలుపు. ఇవాళ చెప్తాడేమో అని కూర్చున్నాడు, కొర్దింగ్ పెట్టింది తిన్నాడు, చెప్పలేదు, పోయాడు. మళ్ళీ వచ్చాడు. తలుపు తీసే ఉంది, తనే కుక్కినపేనులా మూల కూర్చున్నాడు.

"పరే, నేను..." అన్నాడు టిక్యో.

"వద్దు." బెర్యోంగ్ చెయ్యి అడ్డం పెట్టాడు. మొహంలో నవ్వు లేదు, అది లేని మొహాన్ని టిక్యో ఎప్పుడూ చూడలేదు, ఎముకలు పైకి తేలి ఎవరో వేరే మనిషిలా ఉంది. "ఇప్పుడు చెప్పకు. నేను పట్టుకున్నాక చెప్తే అది చెప్పినట్టు కాదు. పైగా నువ్వు చెప్తే నేను పర్లేదు అనాలి. నాకు పర్లేదు కాదు. రాత్రిళ్ళు లేని పాదం దురద పెడుతుంది, తెలుసా? గోక్కుందామని లేస్తాను. ముందు పని చెయ్యి."

పని చేశాడు. ఇక అటూ ఇటూ చూసేది లేదు. బర్నర్ వెలిగించి గొట్టం కొస వేడిచేశాడు, నీలిమంట తగలగానే సన్నగీతల పలక మొదట గోధుమరంగుకి, తర్వాత ఊదాకి తిరిగింది. ఎంత మురిసిపోయాడు దీన్ని చూసి, కాలిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు. చీల మధ్యలో గుంట పెట్టి, డ్రిల్లు ఆనించి, లోపలి నుంచి తొలుచుకుంటూ పోయాడు, మెరిసే రజను బల్ల మీద రాలింది. చెయ్యి నిలబడింది. ఆశ్చర్యం, నిజమైన పని దొరికేసరికి చెయ్యి నిలబడింది. మిగిలిన పెంకుని సన్న పంచ్‌తో తోస్తే, ఇంకోసారి వేడిచేసి తోస్తే, అప్పుడు కదిలింది. పలకని పట్టుకారుతో లాగితే తుప్పు పొడి రాలుస్తూ వచ్చింది. దాన్ని చూడకుండా పక్కన పడేశాడు. ఖాళీ గాడిలో ఇనప ముక్క దిగ్గొట్టి, ఆకురాయి పెట్టి గొట్టంతో సమానం చేశాడు, అంచులన్నీ బొటనవేలితో తడిమాడు, గరుకు తగిలిన చోట మళ్ళీ రుద్దాడు, తర్వాత నూనెగుడ్డ, తర్వాత మళ్ళీ బొటనవేలు. ఈ కాస్త పనికి ఒక మనిషి కాలు ఖర్చయింది.

"గురి లేకుండా ఎలా కాలుస్తావు?" అని అడిగాడు, ఏదో ఒకటి అడగాలని.

"గేటు దగ్గర గురెందుకు? ఎదురుగా నిలబడ్డవాడు కనబడడా?"

టిక్యో గుండ్ల చక్రం పక్కకి తెరిచి, అరలన్నీ ఖాళీగా ఉన్నాయని వెలుతురుకి పెట్టి చూపించి ఇచ్చాడు. బెర్యోంగ్ తనూ చూసుకున్నాడు. చొక్కా కిందికి లాక్కుని, రివాల్వర్‌ని నడుముకి దోపి, కాసేపు సముద్రం వైపు చూసి, ఒక్కసారి లాగాడు. జారి వచ్చేసింది, చొక్కా అంచు కదలను కూడా కదలలేదు. మళ్ళీ దోపాడు, మళ్ళీ లాగాడు. ఇంకోసారి. బెర్యోంగ్ పెదవులు బిగబట్టి అదే పని చేస్తూ ఉన్నాడు, ఆ గేటు దగ్గర ఆ సాయంత్రం ఇలా జరిగి ఉండేది కదా అని తనకి తనే చూపించుకుంటున్నట్టు. టిక్యో కళ్ళు తిప్పుకోలేదు. తిప్పుకునే హక్కు తనకి లేదనిపించింది. జారి వచ్చిన ప్రతిసారీ బొటనవేలి నుంచి భుజం దాకా ఏదో కోసుకుపోయింది.

కొర్దింగ్ గుమ్మం దగ్గరికి వచ్చి "అన్నం అయింది, రండి, పరే" అంది.

"ఇవాళ వద్దు కొర్దింగ్. పొద్దు వాలకముందే దిగాలి," అని బెర్యోంగ్ కర్రలు అందుకున్నాడు. టిక్యో సాయం చెయ్యబోతే వద్దనలేదు, కావాలనీ అనలేదు. నిలబడి, సంచి భుజానికి తగిలించుకుని, చంకల కింద కర్రలు సర్దుకుని, బయట తడి బాటని ఒకసారి అంచనా వేసుకున్నాడు.

"వచ్చే శనివారం నేను రాను. డ్యూటీ," అన్నాడు. "నువ్వు రా. అప్పుడు చెప్పు, వింటాను."

"ఏమని చెప్పను?"

"నాకేం తెలుసు? దారిలో ఆలోచించుకో. నేను ఒంటికాలితో ఈ వాలంతా ఎక్కుతూ, ఆలోచించుకుంటూ వచ్చేవాణ్ణి." ముందు కర్రలు గడప దాటాయి, తర్వాత కాలు. "నీకు రెండున్నాయి కదా, పరే."